ఘాటైన వైద్యం

“మా కోడలికి దిష్టి తాకింది సారూ. ఈడ కూసుంటే నెత్తి నొస్తదట, ఇంటికొస్తే పోతదట. ఇయ్యాల తగ్గకుంటే కొలువు మానిపిస్త,” అంటూ అలివేలమ్మ మూకుడులోని నిప్పుల మీద ఎండుమిరపకాయలు వేసింది. “ఘాటొస్తే దిష్టి లేనట్టే.”

కోడలు యామిని సిగ్గుతో తల దించుకుంది.

గద్వాలలోని ఆ విత్తనాల ఆఫీసంతా ఒక్కసారిగా దగ్గింది.

“ఏం పెట్టినవమ్మా గిది!” మేనేజరు శేఖర్ తుమ్ముకుంటూ, ఏసీ కోసం మూడేళ్లుగా మూసి ఉంచిన కిటికీలన్నీ బార్లా తెరిచాడు.

పొగ పోయి గాలి వచ్చింది. అందరూ కళ్లు తుడుచుకుంటూ నవ్వుతున్నారు. యామిని నుదురు తడుముకుంది. “అత్తమ్మా, నొప్పి పోయింది!”

“దిష్టే లేకపాయె, మరి నొప్పెట్ల పోయింది?” అంది అలివేలమ్మ.

ఆమె కోడలినీ, కిటికీలనీ మార్చి మార్చి చూసింది.

“సారూ, మా పిల్ల కొలువు మానదు. ఆ కిటికీలు మూసిన్రంటే మాత్రం రోజూ నేనొస్త.”