ఐదుకి మూడు కలిపితే

ఇంటర్వ్యూ మొదలైనప్పటి నుంచి వంశీధర్ ఒక్క మాట కూడా మాట్లాడలేదు. పెదాలు మాత్రం కదుపుతున్నాడు.

మాట్లాడుతున్నది విశ్వనాథం. ఉండేది హైదరాబాద్‌లో. కెనడాలో, అమెరికాలో ఉద్యోగాల కోసం తిరిగే మన పిల్లలందరికీ ఆయన విశ్వం అన్న. లాప్‌టాప్ వెనక నిలబెట్టిన ఫోన్ స్పీకర్లోంచి ఆయన గొంతు వస్తుంది. దానికి తగ్గట్టు నోరు ఆడించడమే వంశీ పని. మాటకీ నోటికీ పొంతన కుదరకపోతే నెట్‌వర్క్ మీదికి తోసెయ్యొచ్చని విశ్వం అన్న ముందే ధైర్యం చెప్పాడు.

లండన్‌లో, అంటే ఒంటారియోలో ఉన్న లండన్‌లో, ఒక బేస్‌మెంట్ గది అది. ఆ ఏడాది అక్కడి బేస్‌మెంట్లన్నీ మన పిల్లలతోనే నిండిపోయాయి. గదికి ఉన్న ఒక్క కిటికీ మంచులో సగం కూరుకుపోయింది. నెలాఖరుకి కో-ఆప్ ఉద్యోగం, అంటే చదువులో భాగంగా చెయ్యాల్సిన ఉద్యోగం, దొరక్కపోతే వంశీ కోర్సు ఆగిపోతుంది. కోర్సు ఆగితే స్టడీ పర్మిట్‌కే ఎసరు. ఇప్పటికే వరసగా ఇంటర్వ్యూలు పోగొట్టుకున్నాడు. జవాబు తెలిసినా, ఎదుటివాళ్ళు ఇంగ్లీషులో అడిగేసరికి గొంతు పూడుకుపోతుంది. అందుకే ఈ అద్దె గొంతు.

అవతల కాల్గరీలో ఇద్దరున్నారు. ఒకాయన శ్రీరామ్, సీనియర్ డెవలపర్, మనవాడే. ప్రశ్నలు అడిగేది ఆయన. చెవులు కప్పేలా ఉన్ని టోపీ పెట్టుకున్నాడు. ఆఫీసులో హీటింగ్ సరిగ్గా లేదన్నాడు. రెండో ఆవిడ ఆయన మేనేజర్ హెదర్. పొట్టి చేతుల చొక్కా వేసుకుని, పక్క గదిలోంచి వీడియోలో చేరి ఊరికే వింటోంది.

మొదటి జవాబు వినగానే శ్రీరామ్ ఉలిక్కిపడ్డాడు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని వంశీ మొహంలోకి చూశాడు.

"ఇంకొక్కసారి చెబుతారా?" అన్నాడు ఇంగ్లీషులో.

దొరికిపోయాననుకున్నాడు వంశీ. విశ్వం అన్న తొణక్కుండా మళ్ళీ చెప్పాడు. శ్రీరామ్ కక్కలేక మింగలేక తల ఊపాడు.

ఆ తర్వాత ఆయన తీరే మారిపోయింది. ప్రతి ప్రశ్నకి ముందూ కాసేపు ఎటో చూస్తూ ఊరుకుంటున్నాడు. అనుమానపడ్డాడు, ఇక వదలడు అని వంశీకి చెమటలు పట్టాయి. సరిగ్గా ఆ సమయాల్లోనే విశ్వం అన్న కూడా మ్యూట్‌లోకి వెళ్ళిపోతున్నాడు. గూగుల్‌లో వెతుక్కుంటున్నాడేమో పాపం. జవాబుకొచ్చేసరికి మాత్రం ఆగడు. ప్రశ్న పూర్తికాకుండానే అందుకుంటున్నాడు. అనుభవం అంటే ఇదీ అనుకున్నాడు వంశీ.

అప్పుడొచ్చింది ఆ ప్రశ్న.

"వెబ్ పేజీలో ఒక గడి ఉంది. యూజర్ అందులో ఐదు అని కొట్టాడు. మీ జావాస్క్రిప్ట్ దాన్ని తీసుకుని మూడు కలిపింది. స్క్రీన్ మీద ఏం కనపడుతుంది?"

"ఎనిమిది," అంది ఫోన్.

వంశీ పెదాలు అక్కడే ఆగిపోయాయి.

ఎనిమిది కాదు, యాభై మూడు. గడిలో కొట్టింది ఆ భాషకి అంకె కాదు, అక్షరం. అక్షరానికి మూడు కలపమంటే అది కూడిక చెయ్యదు, తెచ్చి పక్కన అతికిస్తుంది. ముందు దాన్ని అంకెగా మార్చుకోవాలి. కాలేజీ ప్రాజెక్టులో ఐదు సినిమా టికెట్లకి ఇంకో మూడు కలిపితే యాభై మూడు సీట్లు బుక్కయి, క్లాసంతా పడీపడీ నవ్విన రోజుని వంశీ ఈ జన్మలో మరచిపోడు.

నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగిన జవాబు. చెప్పడానికి నోరే లేదు. పావుగంట నుంచి బొంగురు గొంతుతో మాట్లాడుతున్నవాడు ఇప్పుడు సన్నగా ఎలా పలుకుతాడు?

"కరెక్ట్," అన్నాడు శ్రీరామ్.

వంశీ బిత్తరపోయాడు. హెదర్ కనుబొమలు ముడిచింది.

"నాకెందుకో అనుమానంగా ఉంది. వంశీ, ఆ కోడ్ రెండు లైన్లూ రాసి ఉంచు. కాఫీ తెచ్చుకుని వస్తాను, ముగ్గురం కలిసి రన్ చేసి చూద్దాం," అని లేచి వెళ్ళింది.

వంశీ చప్పున మైక్ ఆపాడు.

"అన్నా, అది ఎనిమిది కాదన్నా. యాభై మూడు."

"నీకు తెలుసా, నాకు తెలుసా? ఆయనే కరెక్ట్ అన్నడు గద తమ్మీ. సప్పుడు జెయ్యకుండ కూసో."

"ఆవిడ వచ్చి రన్ చేస్తే?"

"గప్పుడు నెట్ పోయిందని జెప్తువులే."

నెట్ పోతే దాంతోపాటే ఉద్యోగమూ పోతుంది. అరువు నోటితో గెలవలేడు, సొంత నోటితో దొరికిపోతాడు. మూలనున్న, ఇల్లు వేడిచేసే ఫర్నేస్ ఒక్కసారి రొద పెట్టింది. వంశీకి ఏడుపొచ్చింది. ఆ ఏడుపులోంచే తన మీద తనకి ఒళ్ళు మండింది. ఫోన్ కట్ చేసి, మైక్ ఆన్ చేశాడు.

"సర్," అన్నాడు. సన్నటి గొంతు. భయంలో తెలుగే వచ్చింది. "ఇప్పటిదాకా మాట్లాడింది నేను కాదు సర్. ఇదీ నా గొంతు. జవాబు యాభై మూడు. గడిలో కొట్టింది టెక్స్ట్ సర్, నంబర్‌గా మార్చాకే కలపాలి. మేడమ్ వచ్చాక మీరేం చెప్పినా సరే."

శ్రీరామ్ మొహంలో నెత్తురుచుక్క లేదు. అరుస్తాడనుకున్నాడు వంశీ. అరవలేదు. తెరమీద హెదర్ లేచి వెళ్ళిన ఖాళీ కుర్చీని ఒకసారి చూసి, కెమెరా దగ్గరికి వంగి, గొంతు తగ్గించి, మొదటిసారి తెలుగులో అన్నాడు:

"మరి నా చెవిలో విశ్వం అన్న ఇప్పటికీ ఎనిమిదే అంటున్నాడు తమ్ముడూ."