బెంచీ మీది ఆవిడ

"లైటార్పావంటే ఊరుకోను," అన్నాడు తమ్ముడు.

"కళ్ళలో గుచ్చుతోందిరా. తల పగిలిపోతోంది," అంది అక్క, స్విచ్ మీంచి చెయ్యి తీయకుండా.

"ఎప్పుడూ నీ మాటే నెగ్గాలి. రేపు నాకు పరీక్ష. అమ్మా, చూడు దీన్ని."

తల్లి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"నిన్నట్నుంచీ తలనొప్పంటోందండీ. ఓసారి చూపిద్దామా?" అంది భర్తతో.

"మొహం ఉబ్బితే మాత్రల వల్లే అన్నారుగా. ఇదీ అంతే. ఆ బెంచీ మీది ఆవిడ మాటలు నీ బుర్రకెక్కాయి."

కూతుర్ని కిడ్నీ జబ్బుకు చూపించడానికి వెళ్ళినప్పుడల్లా ఆస్పత్రి వరండాలో బెంచీ మీద ఆవిడ కనిపించేది.

మొహం ఉబ్బిన పిల్లలెవరొచ్చినా పక్కకు జరిగి చోటిచ్చేది.

"తల నొప్పిగా ఉంటోందా తల్లీ?" అని పిల్లనడిగి, "నొప్పంటే ఆ రోజే తీసుకురండమ్మా," అని తల్లికి చెప్పేది.

"ఆవిడే పెద్ద తలనొప్పి," అని తమ్ముడు నవ్వేవాడు.

కిందటిసారి తండ్రికి ఒళ్ళు మండింది. "మీ పిల్లల్ని మీరు చూసుకోండి," అని కసిరాడు.



అతను అంతటితో ఆగలేదు. ఆఫీసులో ఫిర్యాదు చేశాడు. ఆ తర్వాత ఆవిణ్ణి గేటు దాటనివ్వలేదు.

"ఆర్పెయ్ రా. హాల్లో కూర్చుని చదువుకో," అని ఆ రాత్రికి తండ్రి తగువు తీర్చాడు.

తెల్లవారేసరికి ఆ పిల్లకు ఫిట్స్ వచ్చాయి.

"మెదడులో రక్తం గడ్డకట్టింది," అన్నాడు డాక్టరు. "రక్తం గడ్డకట్టకుండా కాపాడే ప్రోటీన్లు కూడా ఈ కిడ్నీ జబ్బులో మూత్రంలో పోతుంటాయి. ముందు తలనొప్పి వచ్చుండాలే?"

తల్లి భర్త వైపు చూసింది.

అమ్మాయి ఇంటికి తిరిగి రాలేదు.

చుట్టాలంతా వెళ్ళిపోయాక ముగ్గురే భోజనానికి కూర్చున్నారు. తమ్ముడు కంచంలోంచి తల ఎత్తడం లేదు.

"ఇవాళ ఆస్పత్రికి వెళ్ళొచ్చాను," అంది తల్లి.

"ఇంకా అక్కడేం పని?"

"రేపట్నుంచి ఆ బెంచీ మీద నేను కూర్చుంటాను. పెద్ద డాక్టరుగారు సరేనన్నారు."

తండ్రి చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు.

"ఆవిడలాగా, వచ్చినవాళ్ళందర్నీ పట్టుకుని అడుగుతావా?"

"ఆవిడలాగే."

"ఎవరూ వినరే."

"మనమూ వినలేదుగా," అంటూ ఆమె కొడుకు కంచంలో అన్నం వడ్డించింది. "ఆవిడకి చూసుకోవడానికి పిల్లలెవరూ లేరటండీ. ఉన్న ఒక్క కొడుకూ ఇదే జబ్బుతో పోయాడట. వాడికీ ముందు తలే నొప్పి పుట్టిందట."