కదలని ఓడ

విజయభాస్కర్ సార్ జవాబు కాగితం చదివి, కళ్లద్దాలు తీసి కళ్లు నులుముకున్నాడు. ఉప్పల్ కాలేజీలో పద్దెనిమిదేళ్లు ఇంగ్లిష్ చెప్పిన మనిషి. ఇలాంటి జవాబు మాత్రం అక్కడ ఎన్నడూ చూసి ఎరగడు.

ప్రశ్న సులువే. విక్టోరియా రాణి కాలపు నవలలో ఖైదీ ఓడ నుంచి తప్పించుకోవడం దేనికి ప్రతీక? కాపలావాళ్ల నిర్లక్ష్యానికి, అని రాశాడు బాలరాజు.

"మళ్లీ అదే రాశారా, బాలరాజు గారూ?"

లైబ్రరీ బల్లకు అవతల బాలరాజు తల దించుకున్నాడు. నలభై దాటిన మనిషి. దూరవిద్యలో ఎం.ఏ. చదువుతున్నాడు. ఈ ఒక్క పేపరే రెండుసార్లు తప్పాడు. రేపు ఉప్పల్‌లో పరీక్ష. ఇదే ఆఖరి అవకాశం. సూపరింటెండెంట్ గారు ఒక్కపూటకు పర్మిషన్ ఇచ్చారు, అదే మహాభాగ్యం.

"పాసయితె బడిల పంతులు నౌకరీ చూసుకుంట సార్. పన్నెండేండ్లాయె గీ గోడల నడుమ. పండుగలకు సుత ఇంట్ల లేను. నాచారంల నా పెండ్లాం రాణి ఒక్కతే పిల్లలతోని తిప్పలు పడుతున్నది. ఇంక నాతోని కాదు."

సార్ నిట్టూర్చి మళ్లీ మొదటి నుంచి అందుకున్నాడు. ఎన్నోసారో ఆయనకే గుర్తులేదు. ఆ రోజుల్లో చిన్న దొంగతనానికి కూడా సముద్రాలు దాటించేవారు. జైళ్లు చాలక, పాత ఓడల్ని ఒడ్డు దగ్గర బురదలో నిలిపి మనుషుల్ని అందులో కుక్కేవారు. ఒడ్డు కనబడుతూనే ఉంటుంది, ఓడ మాత్రం కదలదు. అది రాయమన్నాడు.

"మరి సముద్రం దాటించినంక వాపసొస్తె ఉరి అని ఎరికుండి గూడ గా ఖైదీ ఎందుకొచ్చిండు సార్? బుద్ధి లేదా?"

సార్ కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు.

"తనవాళ్ల ముఖం ఒక్కసారి చూసుకోడానికి. ప్రాణం కంటే అదే ఎక్కువ అనిపించే రోజు వస్తుంది. ఇది గైడులో ఉండదు. మీ మాటల్లో రాయండి."

బాలరాజు రాశాడు. ఆగకుండా రెండు పేజీలు. సార్ రెండుసార్లు చదివాడు. తప్పకుండా పాసవుతారని చెప్పాడు. సంతోషంగానే ఉంది. కానీ ఇక ఈయన ఇక్కడ ఉండడు కదా, మళ్లీ పుస్తకాల ఊసు ఎవరితో అని దిగులేసింది. ఆ మాటా పైకే అన్నాడు.

ఆరు గంటలు కొట్టగానే బాలరాజు లేచి, ఖాకీ టోపీ పెట్టుకుని, సార్‌ను ఖైదీల బ్యారక్‌లోకి పంపి బయటనుంచి తాళం వేశాడు.