చట్టం తెలిసిన కరస్పాండెంటుగారు

మా బడి ఆఫీసు గదిలో ఎన్నాళ్లుగానో ఆగిపోయి ఉన్న గడియారం ఆ ఉదయం నడుస్తోంది.

దాని కిందే నిలబడి కరస్పాండెంటు చినబాబుగారు, ఆయా లోవమ్మ సుద్దముక్కల డబ్బా దొంగిలించిందని టీచర్లందరికీ చెప్పి, ఆమెను రేపటినుంచి రావద్దన్నారు.

లోవమ్మ ఏడవలేదు. పిల్లలకు రైములు వినిపించే నా చిన్న టేపు రికార్డరు చూపించి, నావైపు తల తిప్పింది.

"ఇందాక ఈ టీచరమ్మతో మీరేటన్నారో అందులో ఉంది బాబూ. ఎయ్యమంటారా?"

"చాటుగా రికార్డు చెయ్యడం నేరం. జైల్లో పెట్టిస్తాను," అన్నారు చట్టం తెలిసిన చినబాబుగారు. "మా ఆవిడ నాతవరంనుంచి తెప్పించిన మనిషిని పెట్టుకోవాలి, దీనిమీద ఏదో దొంగతనం వెయ్యండని నేను రహస్యంగా చెప్పుకున్న మాట అది. దాన్ని టేపులో పట్టే హక్కు ఎవరికీ లేదు."

అందరం చట్టాన్ని శ్రద్ధగా విన్నాం. లోవమ్మ చీపురు తీసుకుని పనిలోకి వెళ్లింది.

పొద్దున్నే ఆ టేపు రికార్డరులోంచి బ్యాటరీ తీసి గడియారంలో వేసింది లోవమ్మే.