పసుపు గౌను

"పసుపు గౌను వేసుకున్న ఈ నాలుగేళ్ళ పాప తప్పిపోయింది, అందరికీ పంపండి" అన్న మెసేజ్ ఆ రాత్రి నా డెస్క్‌కి వచ్చింది. ఇలాంటివి నిజమో కాదో తేల్చడమే నా ఉద్యోగం. ఫొటోని నెట్‌లో వెతికితే ఆరేళ్ళ నాటిదని తేలింది. మర్నాడే పాప ఇల్లు చేరిందని అప్పటి పేపర్లో వార్త కూడా ఉంది. ఎవరికో పనీపాటా లేదని ఒళ్ళు మండింది. "పాతది" అని ముద్ర వేసే ముందు అందులో ఉన్న నంబరుకి ఫోన్ చేశాను.

పాప తండ్రే ఎత్తాడు.

"పాప దొరికిందిగా! మళ్ళీ ఇది ఎవరు పంపుతున్నారండీ?"

"నేనేనమ్మా," అన్నాడు గొంతు తగ్గించి. "ఏటా నేనే పంపుతాను. మీకు పుణ్యముంటుంది, దాన్ని ఆపకండి."

"ఎందుకు?"

అతను గొంతు ఇంకా తగ్గించాడు.

"ఇంటికొచ్చిన పాపకి ఆ గౌను ఇవాళ్టికీ సరిపోతోందమ్మా. మా పాప ఇంకా ఎక్కడో నాకోసం చూస్తూ ఉంటుంది."

అవతల తలుపు కిర్రుమంది. బుల్లి అడుగుల చప్పుడు ఫోన్ దాకా వచ్చి ఆగింది.

"నాన్నా," అంది ముద్దుముద్దుగా ఓ గొంతు, "నేను దొరికేశానని ఫోన్లో ఉన్న అక్కకి చెప్పు."