పాము ఆట

కూతురు వనజ సెల్‌ఫోనులో పాము ఆట ఆడబట్టే తన భార్య జంపక్క చచ్చిపోయిందని గోపాలు నమ్మకం. కరెంటు లేని ఆ అడవి ఊళ్ళో ఉన్నది ఒక్కటే ఫోను. జ్వరం ముదిరిన రోజు దాంట్లో చార్జింగ్ లేక జీపును పిలవలేకపోయారు.

ఏడాది తర్వాత వనజ తండ్రికి కొత్త ఫోను తెచ్చింది.

"దీన్ల గూడ పామున్నదా? ఇప్పుడు నన్ను మింగాల్నా?" అన్నాడు గోపాలు.

"ఆడింది నేను కాదు నాయినా. అమ్మ."

"చచ్చినదాని మీదికి నూకుతున్నవా?"

"అప్పుడు నువ్వు ఇల్లందు పోయి ఫోన్ చేస్తనంటివి. అమ్మ రెండు దినాలు ఫోను చేతిల్నుంచి దించలే. చూసి చూసి, పొద్దుపోక ఆడింది. నాయిన తిడతడు, నువ్వే ఆడినవని చెప్పమన్నది."

ఆ రెండు రోజులూ గోపాలు ఇల్లందులో పేకాట వదిలి లేవలేదు. రూపాయి బిళ్ళ వేసి మాట్లాడే ఫోను పక్కనే ఉంది.

"ఇంక ఈ ముచ్చట నా ముందర ఎత్తకు" అన్నాడు. చచ్చేదాకా తనూ ఎత్తలేదు.