తేజ తూకం

"ఇది కుక్కేనా పేరయ్యగారూ, మిర్చి టిక్కీ బస్తాకి కాళ్ళు మొలిచాయా?" అంది పశువుల డాక్టరు హెలెన్.

కుక్క పేరు తేజ. గుంటూరులో ఆ పేరుతో సన్నగా, మహా ఘాటుగా ఉండే మిరప రకం ఒకటుంది. ఈ తేజకి ఆ రెండు గుణాలూ లేవు. తెల్లటి బొచ్చుతో గుండ్రంగా ఉంటుంది. దొంగొస్తే పడుకునే తోకాడిస్తుంది.

కాంపౌండరు బిస్కట్టు ఆశ చూపి దాన్ని కాటా ఎక్కించాడు. పదహారు కిలోలు.

"ఈ రకం కుక్క తొమ్మిది దాటకూడదండీ. ఇలాగే మేపితే గుండె ఆగిపోతుంది, ఏడాది కూడా చెప్పలేను. నెయ్యన్నం మానిపించండి. రోజూ నడిపించండి. వారం వారం తూచి నాకు చెప్పండి."

పేరయ్య అక్కడే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆయన మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారి. రైతులు ఎంత మొత్తుకున్నా ఏనాడూ చెమర్చని కళ్ళవి. తేజ లేకపోతే తను బతకలేనని డాక్టరమ్మకి చెప్పుకున్నాడు.

మర్నాటి నుంచి ఇంట్లో కఠిన నియమాలొచ్చాయి. తేజకి నెయ్యి లేదు. అలాగని కాచిన నెయ్యి పారబోస్తారా? పేరయ్య త్యాగానికి సిద్ధపడి, తేజ వంతు కూడా తనే తిన్నాడు. ఎంత తిన్నా గంటకే ఆకలి. కుక్క మీద బెంగతో అలా అవుతోందనుకున్నాడు. ఆయన అటు వెళ్ళగానే భార్య సుబ్బరావమ్మ తేజకి మీగడ పెరుగన్నం కలిపి పెట్టేది. డాక్టరమ్మ వద్దన్నది నెయ్యే కదా, పెరుగు కాదు కదా అని ఆవిడ లెక్క.

నడక కూడా నిష్ఠగానే సాగింది. రోజూ పొద్దున్నే తేజని స్కూటర్ మీద కూర్చోబెట్టి స్టేడియం దాకా తీసుకెళ్ళేవాడు. ఎండెక్కుతోందని అదే స్కూటర్ మీద వెనక్కి తెచ్చేవాడు. మధ్యలో దాని కాలు నేలకి తగిలిన పాపాన పోలేదు.

రాత్రిళ్ళు మాత్రం కాస్త కదలిక ఉండేది. గుంటూరు ఎండలకి బిందెడు నీళ్ళు తాగి పడుకుంటే లేవక చస్తాడా? లేచినప్పుడల్లా తేజనీ లేపి పెరట్లో ఓ చుట్టు తిప్పేవాడు. అది కూడా వ్యాయామం కిందే జమకట్టాడు.

తూకం యార్డులోనే. తేజ ఒక్కతే పెద్ద కాటా ఎక్కితే బెదిరి దూకేస్తుంది. అందుకని పేరయ్య దాన్ని ఎత్తుకుని నిలబడేవాడు. గుమాస్తా అంకమ్మరావు మొత్తంలోంచి, మొదటి వారం రాసుకున్న యజమాని బరువు తరుగు తీసి మిగిలింది చెప్పేవాడు. మిర్చికి గోతం తరుగు తీసే పద్ధతే ఇదీను. ప్రతి గోతాన్నీ విడిగా తూచుకుంటూ కూర్చుంటే వ్యాపారం సాగినట్టే.

మొదటి నెలకి పదహారు కాస్తా పద్నాలుగైంది. రెండో నెలకి పదకొండు.

"చూశావుటే, కంట్రోలంటే ఇదీ" అన్నాడు పేరయ్య.

సుబ్బరావమ్మ తేజ పొట్ట తడిమి చూసింది. "నాకేం తగ్గినట్టు కనపడట్లేదండీ."

"అదంతా బొచ్చే. కళ్ళు మోసం చేస్తాయి గానీ కాటా చెయ్యదు."

ఇన్నేళ్ళుగా యార్డు కాటాతో కాపురం చేస్తున్న మనిషి ఈ మాట నవ్వకుండా ఎలా అన్నాడో ఆ కాటాకే తెలియాలి. అయితే తేజని ఎత్తుకుంటుంటే ఈ మధ్య ఆయన చేతులు వణుకుతున్నాయి. వడదెబ్బేమోనని మజ్జిగలో పంచదార కలుపుకుని తాగాడు.

మూడో నెల తూకం సరిగ్గా తొమ్మిది. పేరయ్య యార్డంతా జిలేబీలు పంచి, డాక్టరమ్మకి ఫోన్ చేశాడు. సెల్ ఫోన్లలో ఇన్‌కమింగ్ ఉచితమైన కొత్త రోజులు కావడంతో హెలెన్ తీరిగ్గా విన్నది.

"బాగా తగ్గించారే. ఓసారి తీసుకురండి, కళ్ళారా చూస్తాను."

పేరయ్య కొత్త ప్యాంటు తొడుక్కున్నాడు. వదులుగా కుట్టి తగలేశాడని టైలర్ బుడాన్‌ని తిట్టుకుంటూ బెల్టు బిగించి, విజేతలా బయల్దేరాడు.

క్లినిక్‌లో తేజ ఆయాసపడుతూ కాటా ఎక్కి కూర్చుంది. ముల్లు పదహారు దగ్గరికి వెళ్ళి, ఇంకో వెంట్రుకవాసి జరిగి ఆగింది.

"మీది దొంగ కాటా డాక్టరమ్మగారూ" అన్నాడు పేరయ్య. ఆ విషయంలో ఆయన అనుభవాన్ని కాదనలేం.

హెలెన్ నవ్వి, "యార్డులో ఎలా తూచారేంటి?" అంది.

పేరయ్య పద్ధతంతా వివరించాడు. చెబుతూ చెబుతూ నాలుక పిడచగట్టుకుపోతుంటే, బల్ల మీదున్న నీళ్ళసీసా అందుకుని మొత్తం గటగటా తాగేశాడు.

హెలెన్ మొహంలో నవ్వు పోయింది. కుక్కని వదిలేసి పేరయ్య వైపు తిరిగింది.

"తేజ గ్రాము కూడా తగ్గలేదండీ, ఆ ఏడు కిలోలూ తగ్గింది మీరు, ముందు వెళ్ళి మనుషుల డాక్టరుకి చూపించుకోండి."